గోధుమ లేని చాక్లెట్ కేకు – జొన్న రైతు తెలిసికొనవలసిన విషయములు

వ్యవసాయ పత్రికలో కేకు మాట ఏమిటని మీరు అనుకొనవచ్చును. కేకు పట్టణపు అంగడిలో అద్దముల వెనుక ఉండు వస్తువు. మనది పొలము, కళ్ళము, గాదె. అయినను ఈ రెంటికిని దగ్గర సంబంధము కలదు. ఆ సంబంధమును వివరించుటకే ఈ వ్యాసము.

సికింద్రాబాదు నుండి ఉప్పలు పోవు రహదారిలో మెట్టుగూడ దాటిన తరువాత తార్నాక కూడలి వచ్చును. అచ్చటి నుండి ఒక దారి ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పోవును. 1918లో స్థాపింపబడిన ఈ విశ్వవిద్యాలయములో తెలంగాణ జిల్లాల నుండి వచ్చిన రైతుబిడ్డలు అనేకులు చదువుచున్నారు. మీ ఊరి పిల్లలును ఉండవచ్చును. వసతిగృహములో ఎవరి పుట్టినరోజు వచ్చినను తోటివారు కలిసి ఒక చాక్లెట్ కేకు తెచ్చి కోయుట నేడు పరిపాటి. అందరును తలా ఒక ముక్క తిందురు. ఆ గుంపులో గోధుమ పడనివారు ఒకరున్నచో, వారు చేయి వెనుకకు తీసికొని నిలువవలసినదే. మీరు పండించు జొన్న, వారి చేతికి కూడ ఒక ముక్క అందించగలదు. కాని ఆ జొన్నలో గోధుమ కలియకుండ ఉండవలెను. ఈ వ్యాసమునకు ముఖ్యాంశము ఇదియే.

గోధుమ ఎవరికి పడదు?

గోధుమలో గ్లూటెన్ అను జిగురు మాంసకృత్తు కలదు. బార్లీ, రై ధాన్యములలో కూడ ఇట్టి మాంసకృత్తులే ఉండును. కొందరికి పుట్టుకతో వచ్చిన శరీరతత్త్వము వలన ఈ పదార్థము సరిపడదు. వారు గోధుమ తిన్నప్పుడు శరీరములోని రక్షణశక్తియే చిన్నప్రేవుల లోపలి పొరపై తిరుగబడును. ఆహారసారమును పీల్చుకొను సన్నని కేసరముల వంటి భాగములు అరిగిపోవును. దీనిని సీలియాక్ వ్యాధి అందురు. పిల్లలలో విడువని విరేచనములు, పొట్ట ఉబ్బరము, ఎదుగుదల లేకపోవుట, ఎంత మందిచ్చినను తగ్గని రక్తహీనత దీని లక్షణములు. కొందరికి విరేచనములు లేకుండ రక్తహీనత మాత్రమే కనిపించును.

ఈ సంగతిని కనుగొన్నవాడు హాలెండు దేశపు పిల్లల వైద్యుడు విలెమ్ డికె. రెండవ ప్రపంచయుద్ధపు చివరి చలికాలములో, అనగా 1944–45లో, ఆ దేశములో రొట్టె దొరకక జనము అల్లాడిరి. ఆ కరవులో ఈ వ్యాధిగల పిల్లలకు మాత్రము నెమ్మదించెను. రొట్టె మరల దొరకగానే వ్యాధి తిరుగబెట్టెను. గోధుమయే దీనికి కారణమని ఆయన అంతకు ముందు నుండియు అనుమానించుచుండెను. 1950లో తన సిద్ధాంతవ్యాసములో దానిని నిరూపించెను.

మన దేశములో గోధుమ ప్రధానాహారమైన ఉత్తర రాష్ట్రములలో ఈ వ్యాధి ఎక్కువగా కనబడుచున్నది. దక్షిణమున తక్కువ. కాని లేకపోలేదు. ఈ వ్యాధికి మందు లేదు. జీవితాంతము గ్లూటెన్ మానుటయే చికిత్స. అనుమానము కలిగినచో మొదట వైద్యునికి చూపి రక్తపరీక్ష చేయించవలెను. పరీక్ష కాకముందే గోధుమ మానిపించరాదు. మానిపించినచో పరీక్షలో వ్యాధి బయటపడక పోవచ్చును. ఈ వ్యాధి గాని, గోధుమ వలన మరే బాధ గాని లేనివారు గోధుమ మానవలసిన అవసరము లేదు.

కేకులో గోధుమ చేయు పని

మైదాపిండిని నీటితో కలిపి పిసికినచో సాగుడు ముద్ద అగును. ఆ సాగుడునకు కారణము గ్లూటెనే. అది రబ్బరు వల వలె ఏర్పడి, పిండిలో పుట్టిన గాలిబుడగలను పట్టి ఉంచును. అందుచేతనే పావురొట్టె పొంగును. గోధుమ లేని పావురొట్టె చేయుట కష్టము.

కేకు సంగతి వేరు. కేకులో గ్లూటెన్ ఎక్కువైనచో అది గట్టిబడి చెడిపోవును. కేకును నిలబెట్టునవి ముఖ్యముగా రెండు. మొదటిది గుడ్డులోని మాంసకృత్తు. వేడికి గడ్డకట్టి గోడవలె నిలుచును. రెండవది పిండిపదార్థము, నీటితో ఉడికి చిక్కబడి ఆ గోడకు అడుసువలె పనిచేయును. ఈ రెండును గోధుమ లేకుండ సమకూర్చుకొనవచ్చును. చాక్లెట్ కేకులో ఇంకొక సౌకర్యము కూడ కలదు. కోకో పొడి నీటిని బాగుగా పీల్చుకొనును. దాని ఘాటైన రుచిలో జొన్న వాసన కలిసిపోవును. కాబట్టి గోధుమ లేని వంటలలో మొదట నేర్చుకొనదగినది చాక్లెట్ కేకు.

జొన్నరొట్టె నేర్పు పాఠము

జొన్నలోని మాంసకృత్తులు గోధుమలోని వాని వలె సాగవు. చల్లని నీటితో కలిపిన జొన్నపిండి విరిగిపోవును. ఈ సంగతి మీ ఇంటి ఆడవారికి ఎవరును చెప్పనక్కరలేదు. వారు ఎసరు కాచి, తెర్లు నీటిని పిండిలో పోసి కలిపి, అరచేతితో మెదిపి రొట్టె తట్టుదురు. మరుగునీరు తగిలినప్పుడు పిండిపదార్థము కొంత ఉడికి జిగురుగా మారును. ఆ జిగురే రొట్టెను పట్టి ఉంచును. తరతరములుగా వచ్చిన ఈ కిటుకే కేకునకు కూడ ఆధారము. జొన్నపిండిలో ఒక భాగమును కోకోతో కలిపి మరుగునీటితో ముందుగా ఉడుకబెట్టినచో కేకు పొడిపొడిగా రాలదు. జొన్నరొట్టె చేయగల చేతికి ఈ పని కొత్త కాదు.

కావలసిన వస్తువులు

7 అంగుళముల వెడల్పుగల గుండ్రని గిన్నెకు ఈ కొలతలు సరిపోవును.

తెల్లజొన్న పిండి – 120 గ్రాములు
బియ్యపు పిండి – 30 గ్రాములు
కోకో పొడి (చక్కెర కలపనిది) – 40 గ్రాములు
చక్కెర, లేక బెల్లపు పొడి – 150 గ్రాములు
కోడిగుడ్లు – 3
వేరుశనగ నూనె, లేక వాసన లేని మరియొక నూనె – 80 మిల్లీలీటర్లు
మరుగునీరు – 160 మిల్లీలీటర్లు
బేకింగు పొడి – 1½ చిన్న చెంచాలు
వంటసోడా – పావు చిన్న చెంచా
ఉప్పు – చిటికెడు

జొన్నపిండిని సన్నని జల్లెడలో రెండుసార్లు జల్లించవలెను. ముతక పిండి వాడినచో కేకు పంటికి ఇసుకవలె తగులును. పిండి కొత్తగా విసరినదై ఉండవలెను. జొన్నగింజ మొలకభాగములో నూనె ఉండుటచే పాత పిండి కనరు వాసన కొట్టును. సజ్జపిండికి ఈ దోషము మరింత త్వరగా వచ్చును. కాబట్టి కేకునకు అది అనుకూలము కాదు.

పాలలో కలుపుకొని త్రాగు చాక్లెట్ పొడులను కోకోకు బదులుగా వాడరాదు. వానిలో కొన్నింటిలో బార్లీ మాల్టు ఉండును. బేకింగు పొడి డబ్బాపై కూడ ఏ పిండి కలిపినారో చదివి చూడవలెను.

చేయు విధానము

1. కోకో పొడిని, 40 గ్రాముల జొన్నపిండిని ఒక గిన్నెలో కలిపి, తెర్లుచున్న నీటిని పోసి, ఉండలు కట్టకుండ గరిటెతో బాగుగా మెదుపవలెను. చిక్కని ముద్ద అగును. మూతపెట్టి చల్లారనీయవలెను. వేడి ముద్దలో గుడ్లు కలిపినచో అవి విరిగిపోవును.

2. గుడ్లు, చక్కెర వేరొక గిన్నెలో వేసి చేతితో 8–10 నిమిషములు గిలకొట్టవలెను. మిశ్రమము తెల్లబడి, ఎత్తి జారవిడిచినప్పుడు నాడావలె పడవలెను. గ్లూటెన్ లేని లోటును తీర్చునది ఈ గాలియే. ఇచ్చట బద్ధకించరాదు.

3. నూనెను సన్నని ధారగా పోయుచు కలుపవలెను. తరువాత చల్లారిన కోకో ముద్దను కలుపవలెను.

4. మిగిలిన 80 గ్రాముల జొన్నపిండి, బియ్యపు పిండి, ఉప్పు చల్లి మెల్లగా కలిపి 20 నిమిషములు నాననీయవలెను. ఈలోగా పిండి నీటిని పీల్చుకొని మెత్తబడును.

5. చివరగా బేకింగు పొడి, సోడా జల్లించి కలిపి, నూనె రాసి అడుగున కాగితము పరచిన గిన్నెలో పోయవలెను. ఆలస్యము చేయక, ముందుగా 170 డిగ్రీల సెంటీగ్రేడు వేడి చేసిన ఓవెన్‌లో ఉంచవలెను. 35–40 నిమిషములలో కేకు తయారగును. సన్నని పుల్ల గ్రుచ్చి తీసినప్పుడు తడిపిండి అంటకున్నచో ఉడికినదని గుర్తు.

ఓవెన్ లేనివారు మందమైన పెద్ద గిన్నెలో రెండు అంగుళముల ఎత్తు శుభ్రమైన ఇసుక పోసి, మూతపెట్టి 10 నిమిషములు కాచవలెను. ఇసుకపై ముక్కాలిపీట వంటిది ఉంచి, దానిపై కేకు గిన్నె పెట్టి, మూత బిగించి సన్నని సెగపై 45–50 నిమిషములు ఉంచవలెను. మొదటి అరగంట మూత తీయరాదు.

గుడ్లు తిననివారు ఒక్కొక్క గుడ్డునకు బదులు ఒక పెద్ద చెంచా అవిసెగింజల పొడిని మూడు పెద్ద చెంచాల నీటిలో నానబెట్టి వాడవచ్చును. కాని కేకు తక్కువ పొంగును, కొంత బరువుగా ఉండును.

లోపములు – కారణములు

కేకు కోయునప్పుడు రాలిపోయినచో: పిండి సరిగా మరుగునీటిలో ఉడుకలేదు, లేక వేడిమీదనే కోసిరి. పూర్తిగా చల్లారిన తరువాతనే కోయవలెను.

నడుమ క్రుంగినచో: త్వరపడి మూత తీసిరి, లేక సోడా ఎక్కువ వేసిరి.

అడుగున బంకగా ఉన్నచో: నీరు ఎక్కువైనది, లేక లోపల ఉడుకలేదు.

చేదుగా ఉన్నచో: పిండి పాతది, లేక సోడా ఎక్కువైనది. ఎర్రజొన్నలలో కొన్ని రకములకు వగరు కలదు, వానిని వాడరాదు.

చిటికెడు పిండి తెచ్చు చిక్కు

ఇంతవరకు వంటింటి పని చెప్పితిమి. ఇక రైతు పని చెప్పుదుము. ఇదియే ఎక్కువ ముఖ్యము.

గ్లూటెన్ లేనిదని పేరుపెట్టి అమ్మదలచిన ఆహారములో, భారత ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ నియమము ప్రకారము, కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదు. ఇది ఎంత స్వల్పమో ఆలోచింపుడు. గోధుమపిండిలో సుమారు పదవవంతు గ్లూటెన్ ఉండును. అనగా ఒక కిలో జొన్నపిండిలో 200 మిల్లీగ్రాముల గోధుమపిండి కలిసిన చాలును, హద్దు చేరినట్లే. అది రెండు వ్రేళ్ళ నడుమ పట్టు చిటికెడు కూడ కాదు. ఆ చిటికెడు కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. కాని సీలియాక్ వ్యాధిగల బిడ్డ అట్టి పిండిని దినదినము తినుచున్నచో ప్రేవులు మానక, బిడ్డ ఎదుగక పోవచ్చును. తల్లి మాత్రము గోధుమ మాన్పించితిని గదా అని నమ్మియుండును.

ఈ చిటికెడు ఎచ్చట కలియును? ముఖ్యముగా నాలుగు చోట్ల. మొదటిది, గోధుమ కూడ పండించు ప్రాంతములలో నూర్పిడి యంత్రము, కళ్ళము. జొన్న నూర్చుటకు ముందు యంత్రమును విప్పి ఊడ్చి శుభ్రపరచవలెను. రెండవది, గోనెసంచులు. గోధుమ, మైదా, రవ్వ వచ్చిన సంచులలో జొన్న పోయరాదు. కొత్త సంచులు వాడవలెను. మూడవది, పిండిమర. గోధుమ విసరిన రాతిలోనే జొన్న విసరినచో కలియక తప్పదు. ముందుగా కొన్ని కిలోల బియ్యము విసరి ఆ పిండిని వేరు చేయుట కొంత మేలు. కాని పూర్తి నమ్మకము కావలెనన్నచో జొన్నకే ప్రత్యేకించిన మర గాని, ఇంటి విసుర్రాయి గాని ఉండవలెను. నాలుగవది, వంటిల్లు. అదే జల్లెడ, అదే పీట, అదే గిన్నె గోధుమకు వాడరాదు.

బొంబాయి రవ్వ, గోధుమపిండితో చేసిన సేమియా, మైదా – ఇవన్నియు గోధుమయే. అంగళ్ళలో దొరకు ఇంగువ పొడిలో సాధారణముగా గోధుమపిండి లేక మైదా కలుపుదురు. ఇంటిల్లిపాదికిని చారు పోపు పెట్టునప్పుడు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. వరి, జొన్న, రాగి, సజ్జ, కొర్ర, సామ, అరిక, మొక్కజొన్న, పప్పుధాన్యములు – వీనిలో సహజముగా గ్లూటెన్ లేదు.

ఏ జొన్న మంచిది?

కేకునకు తెల్లని, నిగనిగలాడు యాసంగి జొన్న శ్రేష్ఠము. రొట్టెకు పేరుపొందిన ఎమ్ 35–1 వంటి రకముల గింజ దీనికి తగియుండును. వానాకాలపు జొన్న గింజకట్టు దశలో వర్షమునకు తడిసినచో బూజు పట్టి నల్లబడును. అట్టి గింజను ఆహారమునకు వాడరాదు. కోసిన జొన్నను తేమ 12 శాతమునకు మించకుండ ఎండబెట్టి నిలువ చేయవలెను.

ఇక కోకో కూడ మన తెలుగు నేలపై పండునదే. ఆంధ్రప్రదేశ్‌లోని గోదావరి జిల్లాలలో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో అంతరపంటగా దీనిని వేయుచున్నారు. దేశములో కోకో ఉత్పత్తిలో ఆ రాష్ట్రము ముందున్నది. కాయ పగులగొట్టి, గుజ్జుతో కూడిన గింజలను సుమారు 6 దినములు పెట్టెలలో పులియబెట్టి, నడుమ నడుమ తిరుగవేసి, తరువాత ఎండబెట్టుదురు. చాక్లెట్ రుచికి పునాది పడునది ఈ పులియుటలోనే. కాబట్టి ఈ కేకులో జొన్న తెలంగాణ మెట్టభూమి నుండియు, కోకో గోదావరి తోటల నుండియు రాగలదు. మైదా అవసరమే లేదు.

కేకు మందు కాదు

చక్కెర, నూనె గల ఏ కేకైనను పండుగ వంటయే గాని నిత్యాహారము కాదు. జొన్న వలన మాత్రము మైదాకంటె పీచు, ఇనుము ఎక్కువగా లభించును. 100 గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు కలవు. జొన్నపిండిలో మూడవవంతు రాగిపిండి కలిపినచో సున్నము కూడ చేకూరును. 100 గ్రాముల రాగిలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు.

అయితే ఒకే ధాన్యమును నమ్ముకొనరాదు. విశ్వవిద్యాలయమునకు సమీపముననే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. ఈ సంస్థ 1958లో కూనూరు నుండి హైదరాబాదునకు మారినది. ఇచ్చటి శాస్త్రజ్ఞులు డాక్టరు సి. గోపాలన్, వారి సహచరులు జొన్న తప్ప మరేమియు దొరకని పేదలలో పెల్లాగ్రా అను చర్మవ్యాధి వచ్చుటను పరిశీలించి, జొన్నలో ల్యూసిన్ అను అమైనో ఆమ్లము అధికముగా ఉండుట దానికొక కారణమని 1960లో సూచించిరి. నేడు ఆహారములో వైవిధ్యము పెరుగుటచే ఆ వ్యాధి అరుదైనది. జొన్నకు తోడుగా పప్పు, పాలు, గుడ్డు, ఆకుకూరలు తినవలెనన్నది దీని సారాంశము.

గ్రామాధికారులకు మనవి

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా జరిపినది. చిరుధాన్యములకు పట్టణములలో గిరాకి పెరిగినది. రాజేంద్రనగరులోని భారతీయ చిరుధాన్యముల పరిశోధనా సంస్థ జొన్నతో వంటకములు, పిండివస్తువులు తయారుచేయు పద్ధతులలో శిక్షణ ఇచ్చుచున్నది. వ్యవసాయ విస్తరణాధికారులు ఆసక్తిగల మహిళా సంఘములను అచ్చటికి పంపవచ్చును. రైతువేదికలో ఒక పూట ఈ కేకును చేసి చూపవచ్చును. అయితే కేకు రుచితో పాటు, సంచి, మర, జల్లెడ శుభ్రతను కూడ చూపవలెను.

ఒక హెచ్చరిక. గోధుమ లేకుండ చేసితిమి కాబట్టి "గ్లూటెన్ లేనిది" అని పొట్లముపై వ్రాయరాదు. ప్రయోగశాలలో పరీక్షింపించి, నియమముల ప్రకారము అనుమతి పొందిన తరువాతనే అట్లు వ్రాయవలెను. అంతవరకు "జొన్న కేకు" అని వ్రాసికొనవచ్చును. కొనువారు అడిగినచో, ఏ మరలో విసరితిరో దాచక చెప్పవలెను. మంచి పేరు సంపాదించుటకు ఏండ్లు పట్టును. ఒక చిటికెడు పిండితో అది పోవును.

రైతు సోదరులారా! మీరు కళ్ళములో ఊడ్చిన ఊడ్పు తార్నాకలోని వసతిగృహము వరకు పోవునని ఎప్పుడైనను అనుకొంటిరా? రాబోవు యాసంగిలో జొన్న నూర్చునప్పుడు నాలుగు సంచులు వేరుగా, శుభ్రముగా కట్టి పెట్టుడు. అందులో ఒక సేరు పిండి విసరించి ఇంటిలో ఈ కేకు చేయించి చూడుడు. రుచి కుదిరిన తరువాత, గోధుమ పడని బిడ్డ ఉన్న ఇంటి సంగతి మీకు తెలిసినచో, ఆ ఇంటికి ఆ జొన్నను ఇచ్చి, ఈ వంట కూడ చెప్పుడు. వచ్చే పుట్టినరోజున ఆ బిడ్డ చేయి వెనుకకు తీసికొనవలసిన పని ఉండదు.